కంపెనీల రెండున్నర శాతం ఏమైంది?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఇంటర్న్‌షిప్ ఎలా సంపాదించాలో పిల్లలకు నూరిపోసేవాళ్లు బయల్దేరతారు. లింక్డిన్ ప్రొఫైల్ తీర్చిదిద్దుకోండి, రెజ్యూమెను ఒక పేజీకి కుదించండి, పరిచయాలు పెంచుకోండి! నర్సీపట్నంలో బీకాం రెండో ఏడాది చదివే ఆటో డ్రైవర్ కూతురికి ఏ కంపెనీలో పరిచయాలుంటాయి? లోపమంతా విద్యార్థులదే అన్నట్టు సాగే ఈ చర్చలో ఒక అంకె ఎప్పుడూ వినపడదు. అది 2.5 శాతం.

1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో నియమాలు సవరించారు. వాటి ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా, కాంట్రాక్టు ఉద్యోగులను కూడా లెక్కలోకి తీసుకుని, 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఇది కంపెనీల దయాదాక్షిణ్యాలకు వదిలేసిన విషయం కాదు. డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అనీ ఆ సవరణే చెప్పింది.

ఇక ఆంధ్రప్రదేశ్ సంగతి. 2020లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక వేసవి ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక పూర్తి సెమిస్టర్. ఉద్దేశం మంచిదే. కానీ ఈ తప్పనిసరి ఎవరికి? విద్యార్థికి మాత్రమే. చేర్చుకోవాల్సిన కంపెనీని అడిగే నాథుడు లేడు.

ఒక పక్కనే బిగిస్తే ఏమవుతుందో కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్తే తెలుస్తుంది. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి ప్రింటు తీసిన ప్రాజెక్టు రిపోర్టులు స్పైరల్ బైండింగుకు వరుసలో ఉంటాయి. రోజువారీ లాగ్‌బుక్‌లో రెండు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పడతాయి. ఫీజు కడితే ‘వర్చువల్ ఇంటర్న్‌షిప్’ సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చేస్తుంది. చట్టప్రకారం స్టైపెండ్ రావాల్సిన చోట పిల్లలు ఎదురు డబ్బు కడుతున్నారు.

రెండో ఏడాది విద్యార్థితో మాకు పనేముంటుంది, నేర్పించే ఖర్చు ఎవరు భరిస్తారని సంస్థలు అంటాయి. చిన్న యూనిట్ల విషయంలో అందులో కొంత నిజముంది. 30 మంది లేని సంస్థలకు చట్టం మినహాయింపు ఇచ్చింది కూడా అందుకే. పెద్ద సంస్థలు మాత్రం ఆ మాట అనలేవు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రమే భరిస్తూ వచ్చింది. ఇంత ఊతమిచ్చినా రెండున్నర శాతం బరువైందా?

2024లో ఆర్భాటంగా తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది కదా అంటారు. దాన్ని తెచ్చినప్పుడు పూర్తికాలం కాలేజీలో చదువుతున్నవారికి అందులో అర్హతే ఇవ్వలేదు. పైగా తొలి విడతలో 82,000 పైచిలుకు ఆఫర్లు ఇస్తే చేరినవారు 8,700 మంది.

ఇంటర్న్‌షిప్ ఎలా దొరుకుతుందని అడిగే విద్యార్థికి నా సమాధానం ఒకటే. ఫీజు అడిగినవాడి మొహం చూడొద్దు. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో మీ జిల్లా సంస్థలేవో వెతకండి. ఆ జాబితా పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, వీటితో కాలేజీ ఎందుకు ఒప్పందం చేసుకోలేదో అడగండి. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలిపి నడిపేందుకు యూజీసీ 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. మనం తప్పనిసరి చేసిన ఆ సెమిస్టర్‌ను స్టైపెండ్ వచ్చే అప్రెంటిస్‌షిప్‌గా మార్చడానికి దారి అప్పుడే తెరుచుకుంది. ఉన్నత విద్యామండలి ఆ దారిని ప్రతి కాలేజీ దాకా ఎందుకు వేయలేదు?

జిల్లాలవారీగా 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలెన్ని, ఒక్కోదానిలో రెండున్నర శాతం నిండిందా లేదా, ఆ వివరాలు పేర్లతో సహా ప్రభుత్వం బయటపెట్టాలి. అది చేయనంత కాలం, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తేలేదని ఒక్క విద్యార్థి డిగ్రీని ఆపే హక్కు కూడా ఎవరికీ లేదు.