కూర్పరుల కూలి

వైశాఖ జ్యేష్ఠములు వచ్చినవన్న గుడివాడ మొదలు నాగాయలంకవరకు పెండ్లిపందిరి లేని యూరు అరుదు. పందిరిలో వీడియో తీయువారు నలుగురుందురు. పైన డ్రోను తిరుగుచుండును. పురోహితునకు సంభావన ముట్టును. మేళగాండ్రకు, వంటవారికి, పందిరి వేసినవారికి ఆ పూటయే లెక్క తీరును. కాని యా పెండ్లినంతను మూడు గంటల చిత్రముగ కూర్చి, మనుమలు మునిమనుమలు చూచుకొనునట్లు మన చేతికిచ్చు మనుష్యుడు వేరొకడు కలడు. అతడు పందిరిలో కనబడడు. బందరులో నే సందులోని గదియందో, అవనిగడ్డలో నే మేడమీదనో తలుపు మూసికొని, కంప్యూటరు ముందు రాత్రులు గడపుచుండును. అతనిని లోకులు ఎడిటరందురు. మేము కూర్పరి యందుము. అతనికేమి ముట్టుచున్నదో పెండ్లివారెరుగరు. ఆ సంగతినే నేడు విచారింపదలచితిమి.

ఈ సీమకు చలనచిత్రము పరాయి విద్య కాదు. తెలుగు చలనచిత్ర పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్య బందరున జన్మించినవాడే. 1921లో మదరాసున స్టూడియో నెలకొల్పి ‘భీష్మప్రతిజ్ఞ’ను నిర్మించినవాడాయన. ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’లను తీసిన గూడవల్లి రామబ్రహ్మము నందమూరువాడు, ఆ చిత్రములకు వెన్నుగా నిలిచిన సారథి సంస్థకు దివిసీమలోని చల్లపల్లి జమీందారుల ధనము తోడ్పడినది. రామాపురము అక్కినేనిని, నిమ్మకూరు నందమూరి తారకరామారావును ఇచ్చినవి. తెరపై వెలిగిన ముఖములను మనము నిత్యము తలచుచున్నాము. ఆ ముఖములను అతికి కథగా నడిపిన చేతులను ఏనాడును తలపము.

కూర్పరి కూలి ప్రస్తావన వచ్చినంతనే పెద్దలు చెప్పు మాట యొకటి కలదు: “హైదరాబాదులో ఖర్చులెక్కువ, ఇచ్చట తక్కువ, కావున ఇచ్చట కూలి తక్కువైనను కుర్రవాడు బ్రదుకగలడు.” ఈ మాట వినుటకు న్యాయముగనే యుండును. లెక్క వేసినగాని దాని లోపము బయటపడదు.

మా పాఠకులు ధాన్యపు లెక్క తెలిసినవారు. కావున ఆ లెక్కతోనే చూతము. స్వంత యంత్రముతో పనిచేయు నొక కూర్పరి ముహూర్తములున్న నెలలో 15 వేల రూపాయలు గడించుచున్నాడనుకొందము. ఇది లెక్కకై తీసికొన్న యంకె. మీ యూరి కూర్పరి నడిగి దీనిని సవరించుకొనవచ్చును, లెక్క మార్గము మాత్రము మారదు. 2025-26లో ఏ గ్రేడు ధాన్యమునకు ప్రభుత్వపు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాకు సుమారు 1,792. ఆ ప్రకారము కూర్పరి నెలకూలి ఎనిమిది బస్తాల పైచిలుకు. కొంచెము మేలుగనే కనబడుచున్నది.

కాని ఆషాఢము శూన్యమాసము. భాద్రపదము, పుష్యము నట్టివే. మూఢములు వచ్చిన యేడు మరికొన్ని దినములును పోవును. మూడు నెలలు మాత్రమే తీసివేసినను, తొమ్మిది నెలల రాబడిని పండ్రెండు నెలలకు సర్దుకొనవలయును. అప్పుడు నెలకు 11,250 రూపాయలు. లక్ష రూపాయల యంత్రము నాలుగేండ్లు మన్ననుకొన్నచో, నెలకు 2,083 దాని అరుగుదలకు పోవును. మిగిలినది 9,167. దానిని 26 దినములకు పంచిన దినమునకు 352. విద్యుత్తు, ఇంటర్నెట్టు, చిత్రములు దాచు డిస్కులు, సాఫ్టువేరు చందా, వీనికన్నిటికి కలిపి నెలకు 1,200 మాత్రమే వెచ్చించినను, దినకూలి 307కంటె దిగువకు జారును. ఈ 307 అంకె ఏదియో యెరుగుదురా? 2025-26లో ఆంధ్రప్రదేశమున గ్రామీణ ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి! మట్టిపని హీనమని మా భావము కాదు. ఆ కూలియు చాలదనియే మా యభిప్రాయము. కాని యేండ్ల తరబడి విద్య నేర్చి, లక్ష పెట్టుబడి పెట్టి, కన్నులు చెడగొట్టుకొన్నవాడు తుదకు చేరిన చోటు అదియైనచో, ఆ విద్యను మనమెట్లు గౌరవించుచున్నట్లు?

ఇక ఖర్చు తక్కువన్న మాట. ఏ ఖర్చు తక్కువ? ఇంటి యద్దె తక్కువ. కూరగాయలు కొంత చవుక. అంతే! కంప్యూటరుకు బందరు ధర, బొంబాయి ధర యని రెండు లేవు. సాఫ్టువేరు చందా దివిసీమవాడని తగ్గదు. బిడ్డల చదువునకు, పెద్దజబ్బునకు బెజవాడ పోక తప్పదు; అచ్చట పల్లెటూరివాడని ఎవరును తగ్గింపరు. రైతు చిరకాలముగ మొరపెట్టుకొనుచున్న దిదియే కదా! పండించినది ఊరి ధరకు అమ్మి, ఎరువును పురుగుమందును కంపెనీ ధరకు కొనుచున్నాననుటయే యతని గోడు. నేడు కూర్పరియు నదే చేయుచున్నాడు. తన కష్టమును దివిసీమ ధరకమ్మి, తన పనిముట్టును ప్రపంచపు ధరకు కొనుచున్నాడు. రైతు గోడు తెలిసిన సీమకు ఈ గోడు తెలియకుండుట వింత.

అమెరికా కార్మిక గణాంకశాఖ లెక్క ప్రకారము 2023లో అచ్చటి కూర్పరుల మధ్యస్థ వార్షిక వేతనము సుమారు 66 వేల డాలర్లు. అచ్చటి యద్దెలు, వైద్యపు ఖర్చులు వేరు; అంత కూలి ఇచ్చట నిమ్మని ఎవరును కోరరు. కాని యచ్చటి తెలుగువారి బారసాలలు, పుట్టినరోజుల చిత్రములు నేడు అంతర్జాలముమీద క్షణములో ఇచ్చటికి రాగలవు. పని సముద్రము దాటి రాగా, దాని వెల మాత్రము రేవు దాటక నిలిచిపోవుట న్యాయమా?

చట్టములు లేవా? కలవు. 1948 నాటి కనీస వేతనముల చట్టము మొదలు 2019 నాటి వేతనముల స్మృతివరకు ఎన్నియో వచ్చినవి. గదిలో ఒంటరిగ ముక్క లెక్కన పనిచేయువానిని అవి వెదకికొని వచ్చునా? 1981లో సినిమా కార్మికులకై వచ్చిన చట్టము కథాచిత్రములకే వర్తించినది. పెండ్లి వీడియో దాని యెల్లలలో ఉండలేదు. చట్టము చేరని చోట సంఘమే దిక్కు. 2025 ఆగస్టున హైదరాబాదులో తెలుగు చలనచిత్ర కార్మికుల సమాఖ్య నూటికి 30 వంతుల పెంపు కోరి 18 దినములు పని మానినది, మూడేండ్లలో 22.5 వంతుల పెంపునకు ఒడంబడిక కుదిరినది. కోరినదంతయు రాలేదు, నిజమే. కాని నలుగురు కూడి అడిగినందుననే ఆ మాత్రమైనను వచ్చినది. మన కూర్పరి ఒంటరి. అతని దర నోటిమాట. అతని బాకీ వచ్చు పెండ్లివరకు వాయిదా.

స్టూడియోవారిని మాత్రమే దూషించుట మా యుద్దేశము కాదు. వారికిని పోటీ కలదు, అప్పులు కలవు. విందునకు లక్షలు వెచ్చించు గృహస్థు వీడియో దగ్గర కూర్చుండి వేయి తగ్గించుమని బేరమాడును. ఆ తగ్గిన వేయి జారి జారి తుదకు పడునది, ఎదుటలేని వానిమీదనే.

కావున మా సూచనలు మూడు. స్టూడియోవారు ఒప్పందపు కాగితమున కూర్పు కూలిని వేరు పద్దుగా వ్రాసి, అందు సగము ముందుగ నీయవలయును. బందరు, గుడివాడ, అవనిగడ్డల కూర్పరులొక సహకార సంఘమై, దరల పట్టిక ప్రకటించి, బియ్యపు ధరను పనిముట్ల ధరను చూచి యేటేట సవరించుకొనవలయును. శూన్యమాసములలో పాఠశాలలు, వ్యవసాయ శాఖ, పంచాయతులు తమ పాఠములను ఊరి చరిత్రలను వీరిచేత కూర్పించి పని కల్పింపవలయును. చేతిపనియు చదువును వేరుగాదని 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన పెద్దలు చాటిరి. ఆ మాటకు నేడు క్రొత్త యర్థము చెప్పుటకిది తరుణము.

పత్రిక నడపువానిని సంపాదకుడందురు. ఆ పేరేగాని యతనికి సంపాదన యెంతయో మాకు తెలియును. అందుచే ఆ కూర్పరి సోదరుని గోడు మాకు దూరము కాదు. రాబోవు ముహూర్తమునకు బిడ్డ పెండ్లి తలపెట్టిన గృహస్థులను మేమొక్కటి వేడుచున్నాము. బయానా ఇచ్చునప్పుడు, “దీనిని కూర్చువాడెవరు? అతనికెంత?” యని అడుగుడు. ఆ ప్రశ్న పందిట్లో పదిమంది వినునట్లు అడిగిననాడు అతని కూలిని కాజేయుట కష్టమగును.