రుసుము పుచ్చుకొన్నవాడు బదులు చెప్పవద్దా?



మా మాడుగులపల్లి టోలుగేటు దగ్గర లారీ డ్రైవర్లు వాదించడం ఎన్నోసార్లు విన్నాను. సుంకం తీసుకొన్నావు, రోడ్డు మీద ఈ గుంతలేమిటని నిలదీసేవారు. వారిని ఎవరూ తప్పుపట్టలేదు. చదువుకు డబ్బు కట్టిన పిల్లవాడు పాఠమేదని అడిగితే మాత్రం మనకు వాడే దొంగగా కనబడుతున్నాడు.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. తరగతులు ఆన్‌లైనులో అన్నారు. పిల్లలు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకొంటుండగా, వందలమంది చిరునామా సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటుగా నమోదైంది. అక్కడి విద్యార్థులలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. మనం ఆ పట్టీలను గురించి వాపోయాము గాని పాఠాలను గురించి ఒక్క మాట అడగలేదు. సంస్థాధిపతికి 2014లో పదహారేళ్లకు పైబడిన శిక్ష పడింది.

ఆ తర్వాతిది ఇంకా విడ్డూరం. మిషిగన్‌లో 2015లో వెలసిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సాక్షాత్తు అమెరికా ప్రభుత్వాధికారులు పన్నిన వల. దానికి కార్యాలయమున్నది, వెబ్‌సైటున్నది, సర్కారువారి ఆమోదిత జాబితాలో పేరున్నది. లేనివి రెండే, అధ్యాపకుడూ పాఠమూ! 2019 జనవరిలో గుట్టు బయటపడేనాటికి సుమారు ఆరువందలమంది చేరారు. ఇక్కడా తెలుగువారే అధికం. ఏడాదికి సుమారు పన్నెండు వేల డాలర్లు. ఎకరం అమ్మిన తండ్రికి ఆ లెక్క రూపాయల్లో తెలుసు.

"వాళ్లు చదువుకు చేరారా? పని అనుమతి కోసం చేరారు" అని పెద్దలు నాతో వాదించారు. కొందరి విషయంలో అది నిజం, నేను కాదనను. హాజరు పట్టీలో పేరు కోసమే బడికి వచ్చే పిల్లలను నేనూ ఎరుగుదును. అంతమాత్రాన పాఠం చెప్పకుండా జీతం తీసుకొనే హక్కు నాకు వస్తుందా? శిష్యుని దోషం గురువు బాకీని చెల్లువేయదు.

మా పండితులు "విద్యాదానము" అన్న మాట వెనుక దాగుతారు. దానం పుచ్చుకొన్నవాడు నాణ్యత అడగరాదు కదా! అయ్యా, రసీదు ఇచ్చినచోట దానమెక్కడిది? అది క్రయవిక్రయము.

ఫార్మింగ్టన్‌లో డబ్బు కట్టిన ఒక విద్యార్థి తోటివారందరి తరఫున రుసుము తిరిగి ఇమ్మని దావా వేశాడు. 2022లో కొట్టివేశారు. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగదోడి, ఇది విచారించదగినదేనన్నది. తీసుకొన్న సొమ్ముకు చదువు ఇస్తానన్నది ఒప్పందమే కదా, సర్కారు చేసినంతమాత్రాన కాకుండా పోతుందా? ఆ తీర్పుతో డబ్బు చేతికి రాలేదు, తలుపు మాత్రం తెరుచుకొన్నది. ఈ వార్తను మనవాళ్లు ఎందరు చదివారు?

దూరవిద్యే మోసమని నా వాదం కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగుగడ్డ మీదనే పుట్టింది, నేడు అది అంబేడ్కర్ పేర ఉన్నది. కళాశాల గడప తొక్కలేనివారు తెలుగు పుస్తకాలతో పట్టభద్రులైనారు. పుస్తకం చేతికి వచ్చింది, పరీక్ష జరిగింది. మరోవైపు, అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగు పట్టాలిచ్చిన నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల సంగతి 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తేల్చింది. 2005 తర్వాత చేరినవారి పట్టాలు రద్దుచేసి, రుసుములు తిరిగి ఇమ్మన్నది. రుసుము వస్తుంది సరే, పోయిన ఏళ్లు?

అడిగితే పరువు పోతుందని ఇంటివారు పిల్లల నోరు మూయిస్తున్నారు. పరువు ఎవరిది పోవాలో ముందు వారు తేల్చుకోవాలి.