ముందు గైడు, తర్వాతే సముద్రం

చలిగాలి మొదలయ్యేసరికి మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రకారు వాట్సాప్ గ్రూపుల్లో స్కూబా డైవింగ్ ముచ్చట్లు జోరందుకుంటాయి. కాలేజీ స్నేహితులు, ఆఫీసువాళ్లు, బావా బావమరుదులు కలిసి పదీ పన్నెండు మంది తయారవుతారు. రుషికొండ వెళ్దామని ఒకరంటే, చింతపల్లి దగ్గర మునిగిన ఓడను చూద్దామని ఇంకొకరు. బారువకు ఎదురుగా సముద్రం అడుగున పడి ఉన్న పాత ఓడ సంగతి విన్నవాళ్లకు అక్కడికీ వెళ్లాలని ఆశ. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్లు విశాఖలో విమానమెక్కి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దాకా పోతున్నారు. చాలా సంతోషించాల్సిన విషయం. సముద్రం పక్కనే పుట్టి, మోకాలి లోతు దాటి ఎరగనివాళ్లం మనలో ఎంతమందిమో!

అయితే ఈ చర్చల్లో ముందు తేలేది తేదీ. తర్వాత రేటు. ఆ తర్వాత నీళ్లలో వీడియో తీసిస్తారా లేదా అన్నది. మనల్ని కిందకు తీసుకెళ్లే మనిషి ఎవరు అన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. ఆ వరసను తిరగెయ్యాలన్నదే నా మాట. ముందు గైడును చూసుకోవాలి. చోటూ రోజూ అతను చెప్పినట్టు పెట్టుకోవాలి.

ఈ సంగతి మన మత్స్యకారులకు కొత్త కాదు. కె.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లేవాళ్లకు బోటులో తండేలు మాటే మాట. వల ఎక్కడ వెయ్యాలో, బోటు ఎప్పుడు వెనక్కి తిప్పాలో తేల్చేది అతనే. వారాల తరబడి సముద్రం మీద ఉండేవాళ్లు తమ ప్రాణాలు పెట్టేది ఆ మనిషి మీద. గంటసేపు నీళ్లలోకి దిగే మనమూ అంతే జాగ్రత్తగా మనిషిని ఎంచుకోవాలి.

అనుభవం ఉన్న గైడు అంటే ఎలాంటివాడు? విశాఖ నేవీ ఊరు. నేవీలో డైవర్లుగా చేసినవాళ్లు ఈ పనిలోకి రావడం మన అదృష్టం. అలల మీదే పెరిగిన జాలరి, వాడబలిజ పిల్లలు వస్తే మరీ మంచిది. ఏ గాలికి నీళ్లు ఎటు లాగుతాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ తాను బాగా మునగగలగడం వేరు, మొదటిసారి దిగే నలుగురిని కిందకు తీసుకెళ్లి క్షేమంగా పైకి తేవడం వేరు. ఈ రెండో పనికి వేరే చదువుంది, వేరే పరీక్ష ఉంది. డైవింగ్ శిక్షణకు కార్డులిచ్చే పాడి (PADI) లాంటి సంస్థల లెక్కలో శిక్షణ పొందిన డైవర్లకు తోడు వెళ్లడానికి డైవ్‌మాస్టర్ అర్హత సరిపోతుంది. ఏమీ రానివాళ్లను సముద్రంలోకి దించడానికి ఇన్‌స్ట్రక్టర్ కావాలి. ఆ కార్డు ఏటా రెన్యువల్ కావాలి, దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగండి. మొహమాటపడకండి. సరైనవాడు సంతోషంగా చూపిస్తాడు.

ఈ చదువు ఎందుకో చెప్తాను. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, భయంతో ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే, ఊపిరితిత్తుల్లో ఆ గాలి రెండింతలకు ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చిరిగి ప్రాణం మీదికి రావచ్చు. అంతకంటే చాలా తక్కువ లోతులోనూ ఈ ప్రమాదం ఉంది. ఈతలో మనకు అలవాటైంది ఊపిరి బిగబట్టడం. స్కూబాలో మొట్టమొదటి నియమం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. భయపడ్డ మనిషికి ఈ నియమం గుర్తుండదు. కాబట్టి అతన్ని పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, మెల్లగా పైకి తెచ్చేవాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

అందుకే తలల లెక్క ముఖ్యం. శిక్షణ లేనివాళ్ల తొలి డైవ్‌కు పాడి పెట్టిన హద్దు 12 మీటర్లు. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ వెంట నలుగురికి మించకూడదు. అంటే మీరు పన్నెండు మంది వెళ్తే, ఒకేసారి దిగడానికి కనీసం ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. లేదా విడతలుగా దిగాలి. నలుగురన్నది కూడా గరిష్ఠం మాత్రమే. వంశధార, నాగావళి వరదనీళ్లు కలిసినప్పుడు మన తీరం బురదబురదగా ఉంటుంది. అలా నీళ్లు మసకబారినప్పుడు తెలివైన గైడు ఇద్దరినే తీసుకెళ్తాడు. ‘అందరినీ ఒకేసారి దించేస్తాం, మీకు టైమ్ కలిసొస్తుంది’ అన్నవాడి దగ్గర అడ్వాన్స్ కట్టకండి.

గుంపుగా వెళ్లినప్పుడు ధైర్యం పెరుగుతుంది, జాగ్రత్త తగ్గుతుంది. ఇంతమందిమి ఉన్నాం, ఏమవుతుందిలే అనుకుంటాం. ఎవరో ఒకరు కనుక్కునే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు బోల్తా పడి, ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవాళ్లతో సహా ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరి మింగేసిందీ విహారానికి బయల్దేరిన గుంపులనే. నది వేరు, సముద్రం వేరు అనుకోవద్దు. ఎవరి చేతికి మన ప్రాణాలు ఇస్తున్నామో అడగాల్సింది రెండుచోట్లా ఒక్కటే.

పడవ మీది మనిషి సంగతీ అంతే. 1998 జనవరి 25న ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో టామ్, ఐలీన్ లోనర్గన్ అనే అమెరికన్ దంపతులు ఓ గుంపుతో కలిసి నీళ్లలోకి దిగారు. పైకి వచ్చినవాళ్ల లెక్క తప్పింది. పడవ ఒడ్డుకు వెళ్లిపోయింది. వాళ్లు మిగిలిపోయారని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. వాళ్ల ఆచూకీ ఈనాటికీ దొరకలేదు. తలలు సరిగ్గా లెక్కపెట్టే ఒక్క మనిషి ఉండి ఉంటే బతికేవారు. మీ పడవలో పేర్ల జాబితా చేతబట్టుకుని, దిగేముందూ ఎక్కాకా పేరు పిలిచి ముఖం చూసి లెక్కపెట్టేది ఎవరో ముందే తెలుసుకోండి.

మంచి గైడు ఒడ్డునే తెలిసిపోతాడు. ముందుగా ఆరోగ్యం కాగితం చేతికిస్తాడు. ఆస్తమా, గుండెజబ్బు, చెవి ఆపరేషన్, మూర్ఛ ఏవైనా ఉన్నాయా అని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడుగుతాడు. ‘అన్నింటికీ నో అని టిక్ పెట్టేయండి’ అనేవాడు గైడు కాడు. సిలిండర్ వాల్వ్ తిప్పాక ఊరుకోడు. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగు గుక్కలు పీలుస్తూ గేజ్ ముల్లు వైపు చూస్తాడు. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని అర్థం. గాలికి నూనె వాసన వస్తే ఆ సిలిండర్ పక్కన పెట్టేస్తాడు. తర్వాత సైగలు నేర్పుతాడు. బొటనవేలు పైకెత్తితే ఒడ్డున ‘బాగుంది’ అని, నీళ్లలో ‘పైకి పోదాం’ అని. ఇది మీతో నాలుగుసార్లు చేయించి, మీకు వచ్చిందని నమ్మాకే పడవ ఎక్కిస్తాడు. పడవలో ఆక్సిజన్ కిట్ చూపిస్తాడు. అండమాన్ వెళ్లినవాళ్లకైతే తిరుగు టికెట్ ఎప్పుడో అడుగుతాడు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.

వీటన్నిటికంటే పెద్ద పరీక్ష ఇంకొకటుంది. ఆ మనిషి ‘ఈరోజు వద్దు’ అనగలడా? పన్నెండు మంది సెలవు పెట్టి, డబ్బు కట్టి, తెల్లవారుజామునే బయల్దేరి వచ్చి ఒడ్డున నిలబడ్డప్పుడు, గాలి మారింది, నీళ్లు బాగోలేవు, దిగడం లేదు అని చెప్పడానికి గుండె కావాలి. గత సీజన్‌లో ఎన్నిసార్లు డైవ్ రద్దు చేశారని ఫోనులోనే అడగండి. ఒక్కసారీ చెయ్యలేదన్నవాడిని నమ్మకండి. రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తేదీ ఇస్తారా అన్నదీ ముందే మాట్లాడుకోండి. డబ్బు చిక్కుముడి విడిపోతే వద్దనడం గైడుకు తేలిక, ఒప్పుకోవడం మనకు తేలిక. మన గుంపులో కూడా ఒక మాట ఉండాలి. ఎవరైనా భయమేస్తోంది, నేను దిగను అంటే ఎగతాళి చెయ్యకూడదు, బలవంతపెట్టకూడదు.

పర్యాటక శాఖను అడగాల్సిందీ ఒకటుంది. డైవింగ్ జరిగే ప్రతి బీచ్‌లో ఇన్‌స్ట్రక్టర్ల పేర్లు, అర్హత, రెన్యువల్ తేదీ రాసిన తెలుగు బోర్డు పెట్టాలి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో తెచ్చిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో స్కూబా కూడా ఉంది. వాటిని మన తీరంలో ఎంతవరకు పాటిస్తున్నారో కలెక్టర్లు చూడాలి. తీరంలోని మత్స్యకారుల పిల్లలకు ఇన్‌స్ట్రక్టర్ కోర్సు ఫీజు ప్రభుత్వం కడితే, వెరావల్ దాకా వలస వెళ్లే కొన్ని కుటుంబాలకైనా సొంత ఊళ్లో బతుకు దొరుకుతుంది. సముద్రం తెలిసినవాళ్లకే ఆ చదువూ తోడైతే అంతకు మించిన గైడులు మనకు ఎక్కడ దొరుకుతారు?

ఈ ఏడాది వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి. అడ్వాన్స్ కట్టేముందు మాత్రం మీలో ఒకరు ఫోను చేసి ఇన్‌స్ట్రక్టర్ ఎవరు, నంబరెంత, ఒక్కరి వెంట ఎందరు, తలలు లెక్కపెట్టేదెవరు, రద్దయితే ఏమిటి అని అడగండి. జవాబులు సూటిగా రాకపోతే ఇంకో చోట అడగండి. రెండు వేలు ఎక్కువైనా సరైన మనిషి వెంటే దిగండి.