దొంగతనం కేసుకు లాయరెందుకు అనేవాళ్లకు

ఇళ్లలో చోరీల కేసు ఛేదించారన్న వార్త ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. బల్ల మీద బంగారం పరుస్తారు, ముఖాలకు ముసుగులేసిన మనుషుల్ని వెనక నిలబెడతారు, నేరం ఒప్పుకున్నారని అధికారి ప్రకటిస్తారు. మర్నాటికి నిందితుడు అన్న మాట పోయి దొంగ అన్న మాటే మిగులుతుంది. ఆ మనిషి తరఫున లాయరు నిలబడితే దొంగల్ని వెనకేసుకొస్తున్నాడని తిట్టిపోస్తారు. ఈ ధోరణి తప్పు, ప్రమాదకరం కూడా. అది ఎంత ప్రమాదకరమో తేల్చిచెప్పిన తీర్పు నందిగామ గడ్డకు సంబంధించిందే అయినా, చోరీల మీద చర్చ జరిగే ప్రతిసారీ దాన్ని అందరూ మరిచిపోతారు.

2008 ఆగస్టులో నందిగామను ఆనుకుని ఉన్న అనాసాగరం యువకుడు సత్యంబాబును పోలీసులు పట్టుకున్నారు. పట్టుకున్నది సెల్‌ఫోన్ దొంగతనం కేసులోనని చెప్పారు. ఆ తర్వాత, అంతకు ముందు ఏడాది డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కూడా తానే చేసినట్టు అతను ఒప్పుకున్నాడని ప్రకటించారు. నరాల జబ్బుతో ఉన్న మనిషి ఆ నేరం ఎలా చేయగలడని కుటుంబం మొత్తుకుంది. హతురాలి తల్లిదండ్రులే అసలు దోషి ఇతను కాదని అన్నారు. అయినా 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టేసి, ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి అతను బయటికొచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి.

ఎనిమిదేళ్లు. చిన్న దొంగతనం పేరుతో మొదలైన అరెస్టు ఎక్కడిదాకా పోగలదో ఈ లెక్క చెబుతుంది.

పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షనే చెప్పింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే మాట అంటోంది. నిందితుడు చెప్పిన సమాచారంతో సొత్తు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకే ఆ మాటకు విలువ. కోర్టులో పనికిరాని ఒప్పుకోలును విలేకరుల ముందు ఘనంగా వినిపించడం దేనికి?

దొంగతనం సెక్షన్ల మధ్య తేడా తెలియనివాళ్లే లాయరు అనవసరమంటారు. మామూలు దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303 ప్రకారం గరిష్ఠ శిక్ష మూడేళ్లు. నివాస గృహంలో అయితే 305 కింద ఏడేళ్లు. దొంగతనం ఉద్దేశంతో పగలు ఇంట్లో జొరబడితే 331 కింద పదేళ్ల దాకా పడవచ్చు. అదే పని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయంలోపు జరిగిందని రాస్తే పద్నాలుగేళ్లు. కంచికచర్ల మండలంలోని చెవిటికల్లులో ఎవరో ఊరెళ్లి రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి తాళం పగిలి ఉండటం చూశారనుకుందాం. అది పగలు జరిగిందా, రాత్రి జరిగిందా అన్నది ఎవరు చూశారు? ఫిర్యాదులో రాత్రి అని పడ్డ ఒక్క మాట ఒక మనిషి నెత్తిన ఇంకో నాలుగేళ్లు పెడుతుంది. ఆ మాటను నిలదీయాల్సింది లాయరే.

బెయిల్ సంగతి ఇంకా కఠినం. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న రిమాండ్ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదల చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 479 చెబుతోంది. గరిష్ఠ శిక్ష మూడేళ్లయితే ఆ గడువు ఏడాది. పద్నాలుగేళ్లయితే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు కూడా వర్తించదు. అందుకే తేలని పాత చోరీలన్నీ దొరికిన మనిషి మీద రాసేస్తుంటే పక్కన లాయరు ఉండి తీరాలి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా విచారణ తేలనివాళ్లే.

రికవరీ చూపిన చోటా అంతే. మధ్యవర్తుల రిపోర్టు మీద సంతకాలు పెట్టినవాళ్లు నిజంగా అక్కడ ఉన్నారా? సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలన్న నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ పాటించారా? దొరికిన గొలుసు పోయిన గొలుసేనని గుర్తించింది ఎవరు, ఎలా? అరెస్టు చూపించిన తేదీకి ఎన్ని రోజుల ముందు ఇంటి నుంచి తీసుకెళ్లారు? చదువు లేని కూలీ ఈ ప్రశ్నలు వేయలేడు.

సొత్తు పోయినవాళ్ల బాధ చిన్నది కాదు. మిర్చి, పత్తి అమ్మిన డబ్బుతో కూతురి పెళ్లికి చేయించిన నగలు ఒక్క రాత్రిలో పోతే ఆ కుటుంబం కుంగిపోతుంది. పోలీసుల మీద ఒత్తిడీ నిజమే. కానీ తప్పు మనిషిని జైల్లో పెడితే అసలు నేరస్థుడు బయటే తిరుగుతాడు. ఇబ్రహీంపట్నం కేసులో జరిగింది అదే. హైకోర్టు 2018లో దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో కేసు మళ్లీ మొదటికి వచ్చింది.

దొంగ అన్న ముద్ర ఎప్పుడూ పేదల మీదే ముందు పడుతుంది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేసిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లోదే. 1968లో, చెవిటికల్లు ఉన్న మండలానికి కేంద్రమైన కంచికచర్లలోనే, కోటేశు అనే దళిత యువకుడి మీద ఇత్తడి సామాను దొంగిలించాడన్న నింద వేసి కట్టేసి సజీవంగా తగలబెట్టారు. అతనికి పోలీసు స్టేషన్, కోర్టు, లాయరు ఏవీ దక్కలేదు. నేర నిర్ధారణను కోర్టు చేతిలోంచి లాక్కుంటే ఏమవుతుందో ఈ నేలకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటిసారి మెజిస్ట్రేటు ముందుకు తెచ్చిననాడే లాయరును ఇవ్వాలని ఖాత్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పి నలభై ఏళ్లు దాటింది. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. ఈ నంబరు కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట స్టేషన్ల గోడల మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. రిమాండ్ రిపోర్టు మీద సంతకం పడేలోపు లాయరు నిందితుడితో విడిగా మాట్లాడాలి.

ముసుగుల ప్రదర్శన ఇకనైనా ఆపాలి. కేసుల గురించి పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు తయారుచేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. అన్యాయంగా జైలుపాలైనవాళ్లకు చట్టబద్ధ పరిహారం ఉండాలని లా కమిషన్ 277వ నివేదిక 2018లోనే సిఫార్సు చేసింది. ప్రభుత్వాలు దాన్ని పక్కన పడేశాయి. ఎనిమిదేళ్ల జైలు తర్వాత లక్ష రూపాయల ఖర్చులతో సరిపెట్టడం న్యాయమనేవాళ్లు అనాసాగరం వెళ్లి సత్యంబాబు ఇంటి ముందు నిలబడి ఆ మాట అనాలి. దొంగకు లాయరెందుకని అరిచేవాళ్లు కూడా వాళ్లతో పాటే వెళ్లాలి.