ప్రేరణకి బిల్లు ఎవరు కడుతున్నారు?

ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లోనూ, టీమ్ మీటింగు స్లైడ్లలోనూ "ప్యాషన్ అంటే ఇదీ" అంటూ తిరిగే వీడియో ముక్కల్లో ఈమధ్య వంటవాళ్ళవి ఎక్కువైపోయాయి. వాటిలో నాకు చాలా నచ్చిన ఒక ఎపిసోడ్ కూడా ఉంది. దాన్ని వాడుకుంటున్న తీరు చూస్తే మాత్రం ఒళ్ళు మండుతోంది. అందుకే ఈ టపా.

"ది బేర్" అనే అమెరికన్ సీరియల్, రెండో సీజన్, నాలుగో ఎపిసోడ్. పేరు "హనీడ్యూ". 2023 జూన్‌లో వచ్చింది. దర్శకుడు రామీ యూసఫ్. (ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. కథంతా చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకుని లాభం లేదు.)

షికాగోలో ఒక పాత శాండ్‌విచ్ షాపు ఉంటుంది. దాన్ని మూసేసి, గోడలు పగలగొట్టి, పెద్ద రెస్టారెంటుగా మార్చే పనిలో ఉంటారు కార్మీ, సిడ్నీ. అక్కడ బ్రెడ్డు కాల్చే కుర్రాడు మార్కస్‌కి స్వీట్ల మీద పిచ్చి. కొత్త డెజర్ట్‌లకి ఆలోచనలు పట్టుకుని రమ్మని అతన్ని కోపెన్‌హాగన్ పంపిస్తారు. అక్కడ లూకా అనే పేస్ట్రీ షెఫ్ పక్కన నిలబడి చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. రాత్రి ఒక పడవలో పడుకుంటాడు. మిగతా టైములో ఊరు చూస్తాడు, తింటాడు, నడుస్తాడు. ఎపిసోడ్ అంతా ఇంతే. ఫైట్లు లేవు, విలన్ లేడు, ఆఖర్లో ఎవరూ చప్పట్లు కొట్టరు. అయినా కళ్ళు తిప్పుకోలేం.

దీన్ని షేర్ చేసేవాళ్ళు కింద రాసే నీతి ఏమిటంటే: "ప్రేరణ కావాలంటే కంఫర్ట్ జోన్ దాటాలి. ప్యాషన్ ఉన్నవాడు ఎంత దూరమైనా వెళ్తాడు."

అయ్యా, మార్కస్ తనంతట తను వెళ్ళలేదు. అతన్ని పంపించారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా విలువ డాలర్లలో కూడా చెప్పచ్చు.

నమ్మకపోతే మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్ తీయండి, "రివ్యూ" అని. 20 నిమిషాలు, ఎక్కువ భాగం ఒకే షాట్. ఆరోజు షాపులో ఆన్‌లైన్ ముందస్తు ఆర్డర్ల ఆప్షన్ పొరపాటున తెరిచి ఉండిపోతుంది. ప్రింటరు ఆగకుండా టికెట్లు కక్కుతూ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే సెవ్ వన్, ప్రొడక్షన్ డౌన్, క్లయింట్ లైన్లో ఉన్నాడు. ఆ గోలలో మార్కస్ ఒక మూల నిలబడి ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న డోనట్ చేస్తుంటాడు. చేసి తెచ్చి చూపిస్తే కార్మీ దాన్ని నేల మీదకి కొట్టేస్తాడు. మార్కస్ ఏప్రన్ విప్పి బయటికి పోతాడు.

అదే మార్కస్, అదే కార్మీ, అదే పిచ్చి. మొదటి సీజన్లో అది పనికి అడ్డం అయింది, రెండో సీజన్లో అదే పని అయింది. మధ్యలో మారిందేమిటి? మార్కస్‌కి ప్యాషన్ కొత్తగా పెరగలేదు. షాపు మూసి ఉంది, ఆర్డర్లు లేవు, విమానం టికెట్టు అతని జేబులోంచి పోలేదు. ఇంత చిన్న విషయం స్లైడ్లు తయారుచేసేవాళ్ళ కళ్ళకి ఎందుకు ఆనదో నాకు అర్థం కాదు. కాదు లెండి, అర్థమవుతుంది. ఆనితే బడ్జెట్లో ఒక లైను పెరుగుతుంది మరి.

ఆ డబ్బు ఎక్కడిది అని కూడా సీరియల్ దాచలేదు. సీజన్ మొదట్లోనే కార్మీ వాళ్ళు అంకుల్ జిమ్మీ దగ్గర అప్పు చేస్తారు. 18 నెలల్లో తీర్చకపోతే బిల్డింగు, స్థలం అతనివైపోతాయి. అంటే మార్కస్ కోపెన్‌హాగన్ వీధుల్లో నింపాదిగా నడుస్తున్న ప్రతి నిమిషం వెనకా తాకట్టు పెట్టిన ఆస్తి ఉంది. తలకి మించిన అప్పులో ఉన్న చిన్న షాపు తన బ్రెడ్డు కుర్రాడిని నేర్చుకు రమ్మని ఇంకో ఖండానికి పంపింది. లాభాల్లో ఉన్న కంపెనీలు ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా వదలడానికి క్లయింట్ బిల్లింగు అడ్డం అంటాయి.

ఇక లూకా చెప్పేది వినండి. ఇంత బాగా ఎలా చేస్తున్నావు అని మార్కస్ అడిగితే అతని జవాబు సారాంశం: చాలా తప్పులు చేశాను. అంతేనా రహస్యం అంటే, అంతే. తనకంటే బాగా చేసే ఒకడితో పోటీపడి పడి, వాడిని దాటలేనని తెలిసొచ్చాక మనసు తేలికపడిందనీ, అప్పట్నించే నిజంగా నేర్చుకోవడం మొదలైందనీ కూడా చెప్తాడు. ఎంత మంచి మాట! కానీ దాన్ని గోడ మీద అంటించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. తప్పు చేసిన రోజు లూకా జీతం ఎవరిచ్చారు? తప్పులు చెయ్యడానికి ఎవరో ఒకరు చోటు ఇవ్వాలి, పాడైన పిండికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. "ఫెయిల్ ఫాస్ట్" అని పోస్టరు అంటించి, ఒక్క బగ్ ప్రొడక్షన్లోకి వెళ్ళగానే ఆర్‌సీఏలో పేరు రాసే చోట ఆ మాటకి అర్థం లేదు.

ఇంకో సంగతి. ఇంత దూరం వెళ్ళొచ్చిన మార్కస్ సీజన్ ఆఖర్లో కార్మీ ముందు పెట్టేవాటిలో ఒకటి ఏమిటో గుర్తుందా? కన్నోలి. కార్మీ ఇంట్లో వాళ్ళమ్మ పండగకి వడ్డించే ఇటాలియన్ మిఠాయి. దాన్ని తీపి లేకుండా మార్చి, చనిపోయిన కార్మీ అన్న మైకేల్ పేరు పెడతాడు. దాని మూలం డెన్మార్క్‌లో లేదు, షికాగోలోనే ఎప్పట్నించో ఉంది. దూరం వెళ్ళడం వల్ల దొరికింది ఐడియా కాదు, దగ్గర్లో ఉన్నదాన్ని తీరిగ్గా చూసే చూపు. ఆ తీరిక సొంత ఊళ్ళో కూడా ఇవ్వచ్చు. పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇంతవరకూ ఎపిసోడ్‌ని వెనకేసుకొచ్చాను. ఇప్పుడు దానితో నా తగువు.

మార్కస్ తల్లి మంచం మీద ఉంటుంది. ఆవిడని వేరేవాళ్ళకి అప్పగించి వెళ్తాడు. ఫోను మోగినప్పుడల్లా మన గుండె కూడా ఆగుతుంది. ఎపిసోడ్ దీన్ని నిజాయితీగానే చూపించింది. అమ్మానాన్నల్ని విజయవాడలోనో వరంగల్లోనో వదిలి ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళకి ఆ సీను గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఈ బిల్లులో పెద్ద వాటా ఇంట్లోవాళ్ళు కడతారు. దీనివరకూ సీరియల్‌కి పూర్తి మార్కులు.

కానీ కోపెన్‌హాగన్ వంటిల్లు? తెల్లటి వెలుగు, నిశ్శబ్దం, ఒక గురువు, ఒక శిష్యుడు. గురువు కఠినంగా ఉన్నా మర్యాదగా ఉంటాడు. పెద్ద వంటిళ్ళలో ఇలా చేరి పని నేర్చుకోవడాన్ని ఫ్రెంచి మాటతో "స్టాజ్" అంటారు. జీతం లేకుండా చెయ్యడం ఆ రంగంలో దశాబ్దాల ఆనవాయితీ. సీరియల్లోని వంటిల్లు ఫలానాదే అని నేననడంలేదు. కానీ ఆ ఊరు పేరు చెప్పగానే వంట తెలిసినవాళ్ళకి గుర్తొచ్చేది నోమా. 2003లో మొదలై, ప్రపంచంలో ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో ఐదుసార్లు మొదటి స్థానం తెచ్చుకుంది. 2021లో మూడో మిషెలిన్ స్టార్ వచ్చింది. అలాంటి చోట ఇంటర్న్‌లకి జీతం ఇవ్వడం ఎప్పుడు మొదలైందో తెలుసా? 2022 అక్టోబర్లో. దానివల్ల నెలకి కనీసం 50,000 డాలర్లు ఖర్చు పెరిగిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అప్పటిదాకా ఆ 50,000 డాలర్లు ఎవరి జేబులోంచి పోతున్నట్టు?

2023 జనవరిలో, మామూలు రెస్టారెంటుగా 2024 చివరికల్లా ఆపేస్తామని నోమా ప్రకటించింది. ఈ పద్ధతిలో నడపడం ఇక కుదరదని దాని అధిపతి రెనే రెడ్జెపీయే అన్నాడు. ఇంటర్న్‌ల జీతాలే దీనికి కారణం అని నేననను. కానీ మూడు నెలల తేడాలో వచ్చిన ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఆ సమయంలోనే న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక కథనంలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఇక్కడ వంట కోర్సు చదివిన ఒకమ్మాయి 2017లో నోమాకి ఇంటర్న్‌గా ఎంపికైంది. మూడు నెలలు సొంత ఖర్చుతో కోపెన్‌హాగన్‌లో ఉంది. ఆమె పని ఏమిటంటే పండ్ల తాండ్రని (మన మామిడి తాండ్ర లాంటిదే) పురుగు ఆకారంలో కత్తిరించి కూర్చడం. రోజూ అదే. పని చేస్తున్నప్పుడు మాట్లాడకూడదు, నవ్వకూడదు అన్నారని ఆమె చెప్పింది. తమ దగ్గర అలా ఉండదన్న అర్థంలో నోమా తరఫున జవాబూ వచ్చింది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడానికి నేనెవర్ని? జీతం లేదన్న విషయంలో మాత్రం తగువే లేదు.

ఇప్పుడు మార్కస్‌ని, ఆ అమ్మాయిని పక్కపక్కన నిలబెట్టండి. ఇద్దరూ ఒకే ఊరు వెళ్ళారు, ఇద్దరికీ ప్యాషన్ ఉంది. ఒకరి వెనక ఒక షాపు, ఒక అప్పు పత్రం, పేరు పెట్టి పిలిచి నేర్పే లూకా ఉన్నారు. ఇంకొకరి వెనక ఇంట్లోవాళ్ళ డబ్బో, దాచుకున్న డబ్బో ఉంది. మొదటిదాన్ని చూపించి రెండోదానికి మనల్ని ఒప్పిస్తున్నారు, అదీ నా కోపం. ఆ ఎపిసోడ్ ఇదంతా బయటపడ్డ ఐదు నెలలకి వచ్చింది. వంటింట్లో ఇంకో మూల జీతం లేకుండా తాండ్ర కోస్తున్నవాళ్ళని ఒక్క క్షణం చూపించి ఉంటే దాని అందం ఏమీ తగ్గేది కాదు.

"గురువు దగ్గర విద్య ఊరికే నేర్చుకోవడం మన సంప్రదాయమే కదా" అని ఎవరో ఒకరు అంటారు. అనండి. గురుకులంలో శిష్యుడికి తిండీ, నీడా గురువే పెట్టేవాడు. శిష్యుడు గురువుగారి ఇంటికి అద్దె కట్టినట్టు నేనెక్కడా వినలేదు :)

"అన్నీ లెక్కలేనా? సృజన ఇలా గంటలు లెక్కపెడితే వస్తుందా?" అని ఇంకొకరు. వస్తుంది. స్పెయిన్‌లో ఎల్ బుల్లీ అని ఒక రెస్టారెంటు ఉండేది, ఫెర్రాన్ అడ్రియా నడిపేవాడు. ఏడాదిలో సుమారు 6 నెలలే తెరిచేవారు. మిగతా కాలం బార్సిలోనాలోని తమ వర్క్‌షాపులో కొత్త వంటకాలు కనిపెట్టడమే పని. ప్రతి ప్రయోగాన్నీ రాసిపెట్టుకునేవారు. అంటే ప్రేరణకి క్యాలెండర్లో సగం ఏడాది కేటాయించారు. రెస్టారెంటు నష్టాల్లో నడిచినా పుస్తకాలు, కన్సల్టింగు డబ్బుతో పూడ్చుకున్నారు. పాఠం ఇంతవరకూ బాగుంది. అయితే ప్రతి సీజన్లో 30 మందికి పైగా జీతం లేని కుర్రాళ్ళు అక్కడ పనిచేసేవారు, అదీ నిజమే. 2011 జులైలో మూసేశారు. ప్రపంచంలో అంత గొప్ప వంటింట్లో కూడా టైము, డబ్బు, మనుషులు కలిస్తేనే ప్రేరణ వచ్చింది. అందులో ఒకదాన్ని ఉచితంగా లాక్కున్నారు.

మన సంగతికి వద్దాం. అప్రైజల్ ఫారంలో "ఇన్నొవేషన్" అని ఒక గడి ఉంటుంది. టైమ్‌షీట్లో దానికి కోడ్ ఉండదు. హ్యాకథాన్ శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం ముగుస్తుంది, సోమవారం పొద్దున స్టాండప్ యథాప్రకారం. ఏఐ నేర్చుకోకపోతే ఉద్యోగం ఉండదంటారు, ఎప్పుడు నేర్చుకోవాలంటే రాత్రిళ్ళు అంటారు. గూగుల్ 2004లో షేర్లు జనానికి అమ్మేటప్పుడు రాసిన ఉత్తరంలో, ఉద్యోగులు 20 శాతం టైము తమ సొంత ఆలోచనల మీద పెట్టాలని ప్రోత్సహిస్తామని చెప్పింది. ఆ 20 వందలో భాగమైతే అది పెట్టుబడి. వంద పైన ఇంకో 20 అయితే అది స్టాజ్. మన దగ్గర నడుస్తున్నది రెండోది.

ఇది సరదా విషయం కాదు. ఇంటికెళ్ళి వంట చేసి, పిల్లల హోంవర్కు చూసి, అత్తగారి మందులు చూసే అమ్మాయికి ఆ రాత్రి రెండు గంటలు లేవు. బ్యాచిలర్ కుర్రాడికి ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి "ఆవిడకి ప్యాషన్ తక్కువ" అని రేటింగులో తేలుతుంది. తక్కువైంది ప్యాషన్ కాదు, టైము కొనుక్కునే స్తోమత. ఇలా ఎంతమందిని పక్కన పెట్టేశామో లెక్క ఏ డ్యాష్‌బోర్డులోనూ ఉండదు.

కాబట్టి ఈసారి మీ మేనేజరు మీటింగులో ఆ వీడియో వేసి "మార్కస్‌లా ఆలోచించండి" అంటే కాదనకండి. సంతోషంగా ఒప్పుకోండి. ఒప్పుకుని మూడు విషయాలు అడగండి. ఏ వారం టికెట్లు ఆపుతున్నారు? ఏ కోడ్ మీద బుక్ చెయ్యాలి? నా పక్కన కూర్చుని నేర్పే లూకా ఎవరు?

మూడిటికీ జవాబుంటే మీది మంచి టీమ్, వదలకండి. లేకపోతే మీ వాళ్ళు ఇంకా మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లోనే ఉన్నారు. మీ డోనట్ జాగ్రత్త.