కొసరు తగ్గిన వేళ

మన తెలుగునాటి సంతలలో అసలు, కొసరు అని రెండు మాటలు కలవు. తూచి యిచ్చునది అసలు. తూచిన పిమ్మట వర్తకుడు తన చేతితో మరి రెండు వంకాయలనో, గుప్పెడు పచ్చిమిరపకాయలనో, నాలుగు కరివేపాకు రెబ్బలనో సంచిలో వేయునది కొసరు. కొసరునకు పద్దు లేదు, చీటి లేదు, చట్టము లేదు. అయినను, ధర కొంచెము పెరిగినప్పుడు సణుగుకొని యూరకుండు గృహిణియే, కొసరు వేయ నిరాకరించిన వర్తకుని విడిచి మరునాడు పక్క యంగడికి పోవును. పోయినవి రెండు వంకాయలే యైనను, వానితోపాటు పోయిన యాదరము అంత స్వల్పమైనది కాదు.

ఈ కొసరే నేడు కార్డు రూపము దాల్చి పెద్ద పెద్ద సూపర్‌మార్కెట్లలో నెలకొనియున్నది. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో సరకులు కొని డబ్బు చెల్లించునప్పుడు గుమాస్తా మన ఫోను నంబరు నడిగి, ఇన్ని పాయింట్లు జమయైనవని చెప్పుట మన విద్యార్థులలో పలువురు వినియే యుందురు. ఈ పద్ధతి లోతుగా వేరూని పెక్కు మార్పులను చూచిన దేశము బ్రిటను. అచ్చటి వర్తకసంస్థలు ఇటీవలి యేండ్లలో ఈ కొసరును పలుమారులు తగ్గించినవి. కొనుగోలుదారులు కొన్నిమారులు సణిగి యూరకుండిరి. ఒకమారు మాత్రము సంస్థయే వెనుకకు తగ్గునంతగా ఆగ్రహించిరి. ఈ భేదమునకు కారణమేమి? దుకాణపు పాయింట్ల ముచ్చట పాఠశాల పత్రికకేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. దానమునకును వాగ్దానమునకును గల యంతరమును తెలిసికొనుట విద్యలో నొక భాగమని మేము తలంచుటచే దీనిని చర్చకు గైకొంటిమి.

మొదట పూర్వచరిత్రను కొంత తెలిసికొందము. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున కొందరు శ్రామికులు తలకొక పౌను చొప్పున మూలధనము కూర్చుకొని ఒక చిన్న యంగడిని తెరచిరి. వచ్చిన లాభమును, ఎవరెంత సరకు కొనిరో ఆ మేరకు సభ్యులకే పంచిపెట్టిరి. సహకారోద్యమమునకు దారిచూపిన అంగడి యిదియే. అచ్చట కొన్నవానికి చేరిన సొమ్ము కొసరు కాదు, వాని హక్కు. ఏలయన అంగడికి యజమానులు వారే.

తరువాత వచ్చినవి స్టాంపులు. 1958లో బ్రిటనున గ్రీన్ షీల్డు స్టాంపులు బయలువెడలెను. సరకులు కొన్నవారికి అంగడివారు చిన్న స్టాంపుల నిచ్చుట, వారు వానిని పుస్తకములలో అంటించి, పుస్తకములు నిండిన పిమ్మట గృహోపకరణములకు మార్చుకొనుట వాడుక యయ్యెను. టెస్కో యను సంస్థ 1963లో ఈ స్టాంపులను చేపట్టెను. ప్రతి స్టాంపుపై దాని నగదు విలువను అచ్చొత్తవలెననియు, కోరినవారికి నగదు చెల్లింపవలెననియు 1964లో పార్లమెంటు ఒక చట్టమును చేసెను. ఆ చట్టము తరువాత రద్దయినను, దానిలోని న్యాయము మనము గుర్తుంచుకొనదగినది. కూడబెట్టినవాని సొత్తు ఇచ్చినవాని యిష్టమునకు లోబడియుండరాదని నాటి శాసనకర్తలు గ్రహించిరి.

1977లో టెస్కో సంస్థ ఆ స్టాంపులను ఒక్కసారిగా మానివేసెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు ఖాతాదారులను సంపాదించుకొన్న పిమ్మట కొసరును మానివేసినదని జనులు కోపింపవలసినదే. అట్లు జరుగలేదు. స్టాంపులకగు వ్యయమును మిగిల్చి ఆ సొమ్ముతో సరకుల ధరలను తగ్గించుటచే అంగళ్లు జనులతో క్రిక్కిరిసెను. కొసరు పోయినను అసలులో మేలు కనబడినచో కొనువారు సంతోషించుదురనుటకు ఇది తార్కాణము.

ఆ సంస్థయే 1995లో క్లబ్‌కార్డును ప్రవేశపెట్టెను. కొన్న ప్రతి పౌనునకు ఒక పాయింటు, పాయింటునకు ఒక పెన్నీ విలువ. అనగా నూటికి ఒకటి. దాని ప్రత్యర్థియైన సెయిన్స్‌బరీ సంస్థ యధిపతి దీనిని ఎలెక్ట్రానిక్ స్టాంపులని తేలికగా తీసివేసెను. మరుసటి యేడు, అనగా 1996లో, ఆ సంస్థయు తన కార్డును తెచ్చుకొనక తప్పలేదు. 2002లో నెక్టర్ అను కార్డు దాని స్థానమున వచ్చెను.

ఇక మార్పుల మాట. సెయిన్స్‌బరీవారు పౌనునకు రెండు పాయింట్ల నిచ్చుచుండి, 2015 ఏప్రిలునుండి ఒక్కటియే యిచ్చెదమనిరి. నెక్టర్ పాయింటు విలువ అర పెన్నీ; కాబట్టి నూటికి ఒకటిగా నున్న కొసరు నూటికి అర యయ్యెను. సగమునకు సగము పోయినందున జనులు నొచ్చుకొనిరి. కాని ఆ సంగతిని సంస్థ 2014 అక్టోబరునందే తెలిపియుండెను. అప్పటికే జమయైన పాయింట్ల విలువను ముట్టలేదు.

2018 జనవరిలో టెస్కో చేసినది వేరొక తీరు. పాయింట్లకు బదులిచ్చు వోచర్లను ఆ యంగడిలో గాక, ఒప్పందమున్న భోజనశాలలలోను వినోదస్థలములలోను వాడుకొనినచో, వాని విలువ కొన్నిచోట్ల నాలుగు రెట్లగుచుండెను. కొన్నిచోట్ల రెండు రెట్లే. ఇకమీదట అన్నిచోట్లను మూడు రెట్లేయని ప్రకటించి, ఆ మార్పును వెంటనే యమలులో పెట్టిరి. లెక్క సులభము చేయుటకే యనిరి. రెండు రెట్లచోట వాడువారికి ఇది లాభమే. కాని పది పౌనుల వోచర్లను దాచుకొని, వానితో నలువది పౌనుల వినోదము పొందగోరి బిడ్డల సెలవులకై యెదురుచూచుచుండిన తలిదండ్రులకు, తెల్లవారుసరికి అవి ముప్పదియే యైనవి. ఆగ్రహము మిన్నుముట్టెను. కొలదిదినములలోనే సంస్థ క్షమాపణ చెప్పి, మార్పును 2018 జూన్ 10వ తేదీవరకు వాయిదా వేసెను.

ఆ సంస్థయే 2023లో మూడు రెట్లను రెండు రెట్లుగా తగ్గించెను. నాలుగునుండి మూడునకు దిగుటకంటె ఇది పెద్ద కోత. ఈమారు మార్చినెలలో తెలిపి, జూన్ 14వ తేదీనుండి అమలుపరచెను. పాత లెక్క చొప్పున వాడుకొన దలచినవారికి వ్యవధి చిక్కెను. అసంతృప్తి లేకపోలేదు, అయినను సంస్థ మాట మార్చుకొనవలసిన పరిస్థితి రాలేదు.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. "ఊరక వచ్చినది తగ్గిన నేమి? ఇచ్చువాని యిష్టము" అనునది యొకటి. "మమ్ము నమ్మించి మోసగించిరి" అనునది రెండవది. రెంటిలోను కొంత నిజము కలదు. కాని తీర్పు చెప్పుటకు ముందు ఒక విభాగము చేయవలెనని మా యభిప్రాయము. రేపు ఇయ్యబోవు కొసరు వేరు; నిన్నటి కొనుగోలునకు ఇచ్చివేసిన కొసరు వేరు.

దీనిని విద్యార్థులు తమ తరగతిలోని యుదాహరణముచే సులభముగా గ్రహింపగలరు. ఏడాది మొదట ఉపాధ్యాయుడు, నూరు మంచి మార్కులు కూర్చిన బాలునకు నాలుగు పుస్తకములు బహుమానమిచ్చెదనని చెప్పెననుకొనుడు. రాబోవు సంవత్సరమునుండి మూడే యిచ్చెదననినచో బాలుడు చిన్నబోవునేమో కాని అన్యాయమని యనజాలడు. ఒక బాలుడు శ్రమపడి తొంబదియైదు మార్కులు కూర్చిన పిమ్మట, నేటినుండి మూడేయనినచో, ఆ బాలుడు కోల్పోవునది ఒక పుస్తకము మాత్రమే కాదు. ఉపాధ్యాయుని మాటయందలి నమ్మకము. 2015లోను 2023లోను జరిగినది మొదటి విధమునకు చేరువ. 2018లో జరిగినది రెండవ విధము. కావుననే కోత చిన్నదైనను కోపము పెద్దదయ్యెను. ఆనాటి కొనుగోలుదారుల కోపము న్యాయమైనదేయని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

అది కేవలము దానమే యను వాదము నిలువకుండుటకు మరియొక కారణము కలదు. కార్డు పట్టినవాడు ఊరక పుచ్చుకొనుట లేదు; బదులుగా తన యింటి పద్దును సంస్థ చేతిలో పెట్టుచున్నాడు. ఏ వారమున ఏమి కొనెను, దేనిని మానెను, ధర పెరిగినప్పుడు దేనివైపు మొగ్గెను అను వివరములన్నియు కార్డు ద్వారా సంస్థకు చేరుచున్నవి. టెస్కో కార్డు తొలినాళ్లలో ఎడ్వీనా డన్, క్లైవ్ హంబీ యను దంపతులు ఇట్టి లెక్కలను విమర్శించి, ఖాతాదారుల యలవాట్లను సంస్థకు తేటతెల్లము చేసిరి. పూర్వపు కిరాణా వర్తకుడు నూరు కుటుంబముల మంచిచెడ్డలను మనసున నుంచుకొనెడివాడు. నేటి యంత్రములు కోట్లమంది పద్దులను భద్రపరచుచున్నవి. ఇరువురును ఏదో ఒకటి యిచ్చుకొన్నచోట అది దానము కాదు, బేరము. బేరమునకు మాట ముఖ్యము.

వర్తకుల పక్షమును గూడ మనము వినవలెను. కొసరు ఆకాశమునుండి ఊడిపడదు. దానికగు వ్యయము ఎక్కడనో ధరలో చేరియే యుండును. ధరలు పెరిగి, పోటీ ముదిరిన కాలమున ఏ సంస్థయైనను తన కానుకలను తగ్గించుకొనవలసి రావచ్చును. ఆల్డి వంటి అంగడి బ్రిటనున పాయింట్ల గొడవ లేకయే తక్కువ ధరలతో జనుల నాకర్షించినది. కాబట్టి కొసరును తగ్గించుటయే నేరమని మేము చెప్పము. ముందుగా తెలుపుట, దాచుకొన్నవానికి వ్యవధి యిచ్చుట, తగ్గింపును మెరుగుదలయని పేరు పెట్టి చెప్పకుండుట, ఈ మూడును పాటించినచో వర్తకునకు అపకీర్తి రాదు.

ఇటీవల కొసరు మరియొక వేషము వేసినది. 2019నుండి టెస్కోలోను, 2023నుండి సెయిన్స్‌బరీలోను ఒకే వస్తువునకు కార్డు గలవారికొక ధర, లేనివారికొక ధర కానవచ్చుచున్నది. కార్డు లేనివారి ధరను కావలెనని పెంచి, తగ్గింపు చూపుచున్నారేమోయని పలువురు శంకించిరి. బ్రిటనునందలి పోటీ వ్యవహారముల ప్రభుత్వసంస్థ దాదాపు 50,000 సరకులను పరిశీలించి, నూటికి 92 వంతుల సరకులలో తగ్గింపు నిజమైనదేయని 2024 నవంబరులో ప్రకటించెను. శంక చాలవరకు తీరినట్లే. కాని స్మార్టుఫోను వాడనేరని వృద్ధుని గతి యేమి? కొసరు దొరకనివానికి పూర్వము అసలైనను అందరితో సమానమైన ధరకు దొరకెడిది. ఇప్పుడు అసలునందే భేదము వచ్చినది. ఇది ఆలోచింపదగిన విషయము.

ఇక మన కర్తవ్యమేమి? ఇచ్చువానిని చూచిన చచ్చువాడును లేచునని సామెత. ఆ తొందరపాటు కూడదు. గణితమును చదువుకొన్న విద్యార్థులు ఇంటివద్ద తలిదండ్రులకు ఈ లెక్క చెప్పవలెను: నూరు రూపాయలకు ఒక రూపాయి కొసరు వచ్చు అంగడిలో నికరపు ధర తొంబదితొమ్మిది, కొసరు లేకయే ఆ సరకును తొంబదియైదునకు అమ్ము అంగడి పక్కనే యున్నచో, కొసరునకు ఆశపడినవాడు నాలుగు రూపాయలు నష్టపోవును. ముందు అసలు చూడుడు, పిమ్మట కొసరు. అవసరము లేని సరకును పాయింట్లకై కొనకుడు. వచ్చిన పాయింట్లను ధనమువలె ఏండ్లతరబడి దాచకుడు. ధనమునకు విలువ కట్టువారు వేరు, పాయింటునకు విలువ కట్టువాడు దానిని మనకిచ్చిన వర్తకుడే. ఫోను నంబరు నిచ్చుటకు ముందు, దానికి బదులు మనకేమి వచ్చుచున్నదో ఆలోచింపుడు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు వర్తకులగుదురు, కొందరు అధికారులగుదురు. ఆనాడు ఇతరులకు ఆశ చూపు శక్తి వారి చేతులలో నుండును. ఇయ్యలేనిదానిని ముందే లేదనుట తప్పు కాదు. ఇచ్చెదమన్నదానిని నమ్మి యొకడు కూడబెట్టుకొన్న తరువాత, చెప్పకుండ దాని విలువను తగ్గించుట తప్పు. బ్రిటను దేశపు గృహిణులు పది పౌనుల వోచరు నిమిత్తము అంత పెద్ద సంస్థను నిలదీసి, వ్యవధిని సాధించుకొనిరి. వారు కోరినది భిక్ష కాదు. చెప్పినమాటను చెల్లింపుమని మాత్రమే. ఆ కోరిక చిన్న యంగడిలోనైనను, పెద్ద కొలువులోనైనను న్యాయమైనదే.