మిరపకోతలును మార్చి పరీక్షయు

పెదకాకాని గ్రామము నెఱుగనివారు గుంటూరు ప్రాంతమున అరుదు. మల్లేశ్వరస్వామి దేవాలయమును, బాజీబాబా దర్గాయును ఒక్క యూరనే యుండుటచే సకల మతములవారును, సకల కులములవారును ఆ యూరి బాట పట్టుచుందురు. దానికి చేరువనే, నంబూరు చెంత, 1976లో స్థాపింపబడిన నాగార్జున విశ్వవిద్యాలయము కలదు. బస్సు కిటికీలోనుండి ఆ భవనములను ప్రతిదినము చూచుచు పోవు పల్లెపిల్లలు ఎందఱో కలరు. ఆ భవనములలో అడుగిడుటకు ముందు దాటవలసిన మొదటి వాకిలి పదవతరగతి. ఆ వాకిలికడనే పెక్కుమంది నిలిచిపోవుచున్నారు. వారేల నిలిచిపోవుచున్నారో, పూర్వము మిషను పాఠశాలలు అట్టివారిని ఏ యుపాయముచే లోనికి తీసికొనెనో విన్నవించుటయే నా యుద్దేశము.

పాఠశాల చరిత్ర వ్రాయుడని యడిగినచో మనవారు సాధారణముగ పునాదిరాయి వేసిన తేదీని, ప్రధానోపాధ్యాయుల పేర్ల పట్టికను, మొదటిశ్రేణిలో ఉత్తీర్ణులైనవారి సంఖ్యను వ్రాసి యూరకుందురు. ఇవి వలదని నేననను. కాని నాకు చరిత్రయన్నంతనే జ్ఞప్తికి వచ్చునది హాజరుపట్టీ. నేను మిషను బోర్డింగులో చదువుకొన్నవాడను. పిదప పెక్కేండ్లు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలలో గణితము చెప్పినవాడను. నల్లరేగడి పల్లెలలోని పదవతరగతి హాజరుపట్టీని తెఱచి చూచినవారికి పంటల పంచాంగము వేఱుగ నక్కఱలేదు. కార్తికమున ప్రత్తి తీతలు మొదలగునప్పటికి అచ్చటచ్చట ఎఱ్ఱసిరా గుర్తులు పొడచూపును. సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెఱచునాటికి మిరపకాయ పండి ఎఱుపెక్కును, పట్టీయును ఎఱుపెక్కును. ఆ కోతలు ఏప్రిల్ వఱకు విడతలు విడతలుగ సాగును. ప్రభుత్వపరీక్ష మార్చిలో వచ్చును.

ఒక యేడు నా తరగతిలో ఒక బాలిక యుండెడిది. లెక్క నోటితోనే చేసి, తరువాత నల్లబల్లపై నేను చేయునది సరిగనున్నదో లేదో చూచుచుండెడిది! సంక్రాంతి వెళ్లిన పిదప రాలేదు. మార్చి నెలలో హాలుటిక్కెట్టు కొఱకు తండ్రి వెంట వచ్చినది. సంతకము చేయుమనగా కలము పట్టి విడిచి, వ్రేళ్లు పావడాకు తుడుచుకొని, మరల పట్టినది. మిరపఘాటుచే ఆ వ్రేళ్లు మండుచున్నవి. నేను తండ్రిని కొంచెము గట్టిగనే మందలించితిని. అతడు కోపగించుకొనలేదు. "మేస్టారూ, పరీక్షంటే మళ్లీ పెడతారంట గదండీ. కాయ మాత్రం మన కోసం ఆగదండీ, రాలిపోద్ది" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ బాలిక గణితముననే తప్పినది. మలిపరీక్షకు రాలేదు. జనవరిలోనే నేను వారి గుడిసెకు పోయి యుండవలసినది. పోలేదు. ఆ తప్పు నాది.

తండ్రిని నిందించుట సులభము. కోతకూలి ఏడాది పొడవున దొరకునది కాదు; ఆ మూడునెలల రాబడితో తీర్పవలసిన అప్పులుండును. ఇంటిలో ఎన్ని చేతులు కోతకు పోయిన అంత కూలి. కర్నూలు జిల్లానుండియు, ప్రకాశము జిల్లా పడమటి మెట్టలనుండియు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి మనచేల గట్లపై డేరాలు వేసికొను వలసకూలీలను చూచినవారికి ఈ సంగతి మఱింత బాగుగ తెలియును.

ఇక పాఠశాలవైపు నుండి చూతము. మన ఉన్నత పాఠశాల యొక్క పాఠక్రమము ఈ పొలముల నడుమ పుట్టినది కాదు. 1842వ సంవత్సరము జులై 31వ తేదీన హయ్యరు దొర గుంటూరు చేరి, అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సుగారి ప్రోత్సాహమున పాఠశాలలు తెఱచెను. మఱుసటి సంవత్సరమున బందరులో నోబిలుగారి పాఠశాల వెలసెను. 1854లో వుడ్డు తాఖీదు వచ్చి సహాయద్రవ్యపు పద్ధతి నేర్పఱచెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము పుట్టి మెట్రిక్యులేషన్ పరీక్షను పెట్టెను. అప్పటినుండి ఉన్నత పాఠశాల కళాశాలకు మెట్టయ్యెను. గుంటూరు మిషను పాఠశాలయే పెరిగి 1885లో కళాశాలయై, నేడు ఆంధ్ర క్రైస్తవ కళాశాలయని పిలువబడుచున్నది. ఆ మెట్టు నెక్కిన వారు ఆ దినములలో ఎవరు? ఎక్కువమంది కచేరీ ఉద్యోగములనాశించు అగ్రవర్ణముల బాలురు. చేలలో పనిచేయు వారి బిడ్డలు ఆ గుమ్మమువఱకును రాలేదు.

వచ్చినప్పుడేమైనదో ఒంగోలు చరిత్ర చెప్పును. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరి, అచ్చటి పెద్దల కోరికపై వారి బాలురకొఱకు బడి నడపుచుండిరి. ఇంతలో తాళ్లకొండపాడు ప్రాంతపు మాదిగలు క్రైస్తవులై, తమ పిల్లలనుగూడ బడికి పంపదలచిరి. వారిని చేర్చుకొన్నచో మా పిల్లలను మాన్పింతుమని పెద్దలు తెగేసి చెప్పిరి. ఆ రాత్రి దొరగారును, దొరసానిగారును వేర్వేఱు గదులలో బైబిలు తెఱవగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కంటబడెననియు, అందు లోకము తృణీకరించిన వారిని దేవుడు ఏర్పఱచుకొనెనను మాట చదివి వారు నిశ్చయమునకు వచ్చిరనియు ఆయన స్వీయచరిత్రలో నున్నది. పెద్దల పిల్లలు వెళ్లిపోయిరి. ఉన్నత పాఠశాల యెవరికొఱకు అను ప్రశ్నకు మనసీమలో దొరకిన సమాధానములలో దీనిని నేను మిక్కిలి గొప్పదిగ నెంచుచున్నాను. బడిలో సగము బల్లలు ఖాళీయగునని తెలిసియు చెప్పిన సమాధానమది.

అయితే చేర్చుకొనుట వేఱు, నిలుపుకొనుట వేఱు. పాలెములలోని పిల్లవాడు పేరు వ్రాయించుకొని, నాట్లు రాగానే పోవును. కోతలు రాగానే పోవును. వానిని నిలిపినది బోర్డింగు. మిషను పాఠశాలలు మనకిచ్చిన వానిలో ఇంగ్లీషును పలువురు పొగడుదురు, క్రమశిక్షణను కొందఱు పొగడుదురు. నా యభిప్రాయమున వానికన్నిటికిని మూలము బోర్డింగే. తలిదండ్రులు ఏ చేనిలోనున్నను బిడ్డకు రెండుపూటల అన్నమును, రాత్రి దీపమును, పడుకొనుటకు చాపయు ఒకచోట దొరకెడివి. మా బోర్డింగు పప్పుచారులో పప్పును వెదకుట ఒక వినోదముగ నుండెడిది. తెల్లవాఱక మునుపే తోటకు నీళ్లు తోడవలసి యుండెడిది. క్రొత్తగ వచ్చిన చిన్నవారు మొదటి మాసమెల్ల గోడవైపు తిరిగి ఏడ్చుచుండెడివారు. ఆ లోపములన్నియు నాకు జ్ఞాపకమున్నవి. అయినను ఫిబ్రవరిమాసమున మా హాజరుపట్టీలో ఎఱ్ఱగుర్తులు లేవు.

ఆ కాలమున బీదతనము ఒక్క పాలెములకే పరిమితమై యుండలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఒంగోలులో చదువుకొనునాడు వారి తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్లిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. పరీక్ష రుసుము కట్టుటకు వారు పడిన యిబ్బందిని 'నా జీవితయాత్ర'లో చదువవచ్చును. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేయి విడువకుండుటచే ఆయన చదువు సాగినది. రుసుముగాని, కూడుగాని, చేయి పట్టుకొను మనుష్యుడుగాని లేక ఆగిపోయినవారి జీవితయాత్రలను వ్రాసినవారెవరు?

పరీక్షల సంగతి కొంత చెప్పవలెను. 1911 ప్రాంతమున మెట్రిక్యులేషన్‌కు బదులుగ ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చినది. నేటి పిల్లలకిది వింతగ తోచును. ఆ యోగ్యతాపత్రము ఒక పుస్తకము. అందు పరీక్ష మార్కులే కాక, పై తరగతులలో విద్యార్థి చేసిన పనికి వచ్చిన మార్కులును ఎక్కించెడివారు. ఉత్తీర్ణుడు, అనుత్తీర్ణుడు అను ముద్రకు ఆరంభదశలో అంత ప్రాధాన్యము లేదు. కళాశాలలో చేరుటకు అర్హులైనవారి జాబితా వేఱుగ ప్రకటింపబడెడిది. కళాశాలకు పోనివాడు సైతము చదువు ముగించినవాడే యనిపించుకొనెడివాడు. ఇది మిగుల మంచి యేర్పాటు. అటుపిమ్మట 1948 ప్రాంతమున వ్యవసాయము, ఇంజనీరింగు మొదలగు ఐచ్ఛికపాఠములను ఉన్నత పాఠశాలలలో ప్రవేశపెట్టిరి. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి సంఘము బహుళార్థసాధక పాఠశాలలను సూచించినది. 1969లో మన రాష్ట్రమున పదవతరగతి పిదప రెండేండ్ల ఇంటర్మీడియేటు ఏర్పడుటతో ఆ వృత్తిపాఠములు ఉన్నత పాఠశాలను విడిచి పైకి పోయినవి. మిగిలినవి మూడు భాషలు, గణితము, విజ్ఞానశాస్త్రములు, సాంఘికశాస్త్రము. హిందీకి 20 మార్కులు, తక్కినవానికి 35 వచ్చినచో గండము గడచినట్లు. ఏడాదియంతయు శ్రద్ధగ చదివి, కడపటి రెండు మాసములు చేనికి పోయిన పిల్లకు ఈ లెక్కలో చోటులేదు.

అయితే పరీక్షను మిరపకోతల పిమ్మటికి జరుపరాదా యని కొందఱు మిత్రులు నాతో వాదించిరి. జరుపుట సాధ్యము కాదు. రాష్ట్రమంతటికిని ఒకేదినమున పరీక్ష. కోనసీమ వరికోతలు వేఱు, చిత్తూరు వేరుసెనగ వేఱు, మన మిరప వేఱు. ఏప్రిల్ దాటిన ఎండలలో పిల్లలను పరీక్షకు కూర్చుండబెట్టుటయు న్యాయము కాదు.

ప్రభుత్వము చేయుచున్నది తక్కువయని నేననను. 1959లో జిల్లాబోర్డుల స్థానమున జిల్లాపరిషత్తులు ఏర్పడిన పిమ్మట ఉన్నత పాఠశాల పల్లెపల్లెకు దగ్గఱయైనది, ఫీజు లేదు, కులమడిగి వెలుపల నిలుపువాడు లేడు, మధ్యాహ్నభోజనము పదవతరగతివఱకు పెట్టుచున్నారు. ఒకనాడు క్లౌ దొరగారు బల్లలు ఖాళీ చేసికొని సాధించినది నేడు సర్వత్ర నియమమైనది. కాని ఒకచోట కట్టకు గండియున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవఱకే హామీనిచ్చినది. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లు నిండినవారిని అపాయకరములు కాని పనులలో పెట్టుకొనుట కనుమతించినది. చదువు హక్కుగ నుండుట ముగియు వయస్సును, కూలికి అనుమతి మొదలగు వయస్సును ఒక్కటియే! వలసకూలీల బిడ్డలకొఱకు సర్వశిక్షా అభియాన్ క్రింద నడపిన సీజనల్ హాస్టళ్లును ఎనిమిదవతరగతితో ఆగినవి. సంక్షేమ వసతిగృహములు కలవు. వాని లెక్క జూన్‌తో మొదలగును. తొమ్మిది, పది తరగతులు చదువుచు జనవరిలో మాత్రము నీడ కావలసిన బిడ్డకు ఏ గుమ్మమును సరిగ అమరుటలేదు.

కావున నేను కోరునది చిన్న సంగతి. సంక్రాంతి మొదలు పరీక్షలు ముగియువఱకు, ఈ పాఠశాలలోనే ఇరువదిమంది పదవతరగతి పిల్లలకు బోర్డింగు నడుపవలెను. తలిదండ్రులు చేనికి పోవుదురు. బిడ్డ ఇచ్చట నుండును. మన పాఠశాల పిల్లలే కానక్కఱలేదు. చుట్టుప్రక్కల జిల్లాపరిషత్తు పాఠశాలల పిల్లలు పగలు తమ బడికి పోయి రాత్రి ఇచ్చటికి రావచ్చును. బాలికలకు ప్రత్యేకముగ తలుపు గడియగల గదియు, రాత్రి వారితో నుండుటకు ఒక ఉపాధ్యాయినియు లేనిదే ఈ పని మొదలుపెట్టనే రాదు. ముందు వారికే చోటు కల్పింపవలెనని నా మతము. ఇంట కూలికి చేతులు చాలనప్పుడు మొదట బడి మాన్పింపబడునది ఆడుపిల్లయే గదా. ఆ బిడ్డ తెచ్చు కూలి పోవునే యని తండ్రి అడుగును. అడుగుట న్యాయమే. దానికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు; బిడ్డ తిండిఖర్చు మూడు మాసములు ఇంటిపై పడదను మాట మాత్రము చెప్పగలను. దానికే ఒప్పుకొను తండ్రులు కలరని నా యనుభవము.

గణితోపాధ్యాయుడను గనుక లెక్క చెప్పెదను. ఇరువదిమంది, తొంబది దినములు. మనిషికి దినమునకు 400 గ్రాముల బియ్యము చొప్పున మొత్తము 720 కిలోలు. 75 కిలోల బస్తాలలో పదికి కొంచెము తక్కువ. మధ్యాహ్నభోజనము బడిలో దొరకు దినములలో ఇంకను తగ్గును. పప్పు, నూనె, కట్టెలు, వంటమనిషి జీతము వేఱు. సాయంకాలము లెక్కలు చెప్పుటకు నేను వత్తును, జీతమక్కఱలేదు. మొదటి రెండు బస్తాలు మా యింటినుండి సంక్రాంతి మఱునాడు బండిపై వచ్చును. తక్కిన ఎనిమిదింటి సంగతి చదువరులు ప్రధానోపాధ్యాయులవారితో మాటలాడవలెను.